చిన్న గైనిక్ ఆపరేషన్‌కు ముందు పార్ట్ ప్రిపరేషన్ ఎలా చేయాలి?

పార్ట్ ప్రిపరేషన్ అంటే ఆపరేషన్ చేసే చోటును శుభ్రం చేసి సిద్ధం చేయడం. డీ అండ్ సీ (గర్భసంచి లోపలి పొరను గీకి తీయడం), హిస్టెరోస్కోపీ (గర్భసంచి లోపల కెమెరాతో చూడడం), సర్విక్స్ బయాప్సీ (గర్భసంచి ముఖద్వారం నుంచి పరీక్షకు ముక్క తీయడం) లాంటివాటికి పెద్ద సరంజామా అక్కర్లేదు. గ్లౌజులు, బ్యాటరీ క్లిప్పర్ (వెంట్రుకలు కత్తిరించే చిన్న మెషీన్), దానికి కొత్త బ్లేడు, పేపర్ ప్లాస్టర్, గాజ్, స్పాంజ్ హోల్డర్ (గాజ్ పట్టుకునే పొడవాటి పటకారు), బెటడిన్ (క్రిములను చంపే అయోడిన్ మందు) చాలు. దూది వద్దే వద్దు, పోగులు అంటుకుంటాయి.

ముందురోజు రాత్రో, ఆ ఉదయమో సబ్బుతో స్నానం చేయించండి. తర్వాత నూనె, పసుపు, పౌడర్ ఏవీ రాయకూడదు. అయోడిన్ పడుతుందో లేదో అప్పుడే అడిగి కేస్ షీట్‌లో రాయండి.

ఇక వెంట్రుకల దగ్గరే అందరూ పాడు చేస్తారు. చాలా కేసుల్లో అసలు తీయనక్కర్లేదు. తీయొద్దనీ, తప్పదంటే క్లిప్పర్‌తో కత్తిరించమనీ, రేజర్ మాత్రం వాడొద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే చెప్పింది. అయినా ఆయమ్మ చేతికి రేజరిచ్చి "గీసేయమ్మా" అనేవాళ్లు ఇంకా ఉన్నారు. సిగ్గుపడి ఇంట్లోనే గీసుకొచ్చే పేషెంట్లూ ఉన్నారు. గీసిన చోట లైటు వేసి చూడండి. వెంట్రుక మొదళ్లలో సూదిమొనంత ఎర్రచుక్కలు కనిపిస్తాయి. అవన్నీ గాట్లే. రాత్రి గీస్తే తెల్లారేసరికి వాటిలో క్రిములు చేరతాయి. "నున్నగా ఉంటేనే శుభ్రం" అనే సీనియర్లతో వాదించి నా గొంతు పోయింది.

డాక్టర్ అడ్డొస్తున్నాయంటేనే తీయండి. అదీ ఆపరేషన్‌కు కాస్త ముందు, ఆపరేషన్ థియేటర్ బయటి గదిలో, స్క్రీన్ వేసి, ఏం చేస్తున్నారో ఆమెకు చెప్పి. చర్మం పొడిగా ఉండాలి. ఎడమచేత్తో చర్మాన్ని బిగువుగా లాగి పట్టుకుని, క్లిప్పర్‌ను వాల్చి మెల్లగా నడపాలి. నిలబెట్టి నొక్కారంటే మడతల దగ్గర చర్మం తెగుతుంది. కొంచెం పొట్టిగా మిగిలితే మిగలనివ్వండి, ఇది బ్యూటీ పార్లర్ కాదు. రాలినవాటిని ప్లాస్టర్‌తో అద్ది తీయండి. వెంట్రుకలు ఊడగొట్టే క్రీము మంచిదంటారు కొందరు. ఆ సున్నితమైన చోట మంట, దద్దుర్లు వస్తే ఆపరేషన్ వాయిదా పడుతుంది. నా వార్డులో క్రీముకు చోటు లేదు.

టేబుల్ మీద లిథాటమీ పొజిషన్‌లో (వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లు పైకెత్తి ఎడంగా ఉంచి) పెట్టాక బెటడిన్ పూయండి. సబ్బులా నురగొచ్చే స్క్రబ్ సీసా కాదు, సొల్యూషన్ సీసా. పేరు చదివి తీయండి. పొత్తికడుపు కింది భాగం, తొడల లోపలివైపు, బయటి పెదవులు, యోని, చివరగా మలద్వారం. ప్రతి చోటికీ కొత్త గాజ్ వాడాలి. మలద్వారాన్ని తాకిన గాజ్ మళ్లీ పైకి రాకూడదు. స్పిరిట్ కలిసిన మందు యోనిలో వాడకూడదు. పిరుదుల కిందికి కారిన బెటడిన్ అక్కడే నిలిస్తే చర్మం కాలినట్టు అవుతుంది. తడిసిన గుడ్డ లాగేసి పొడిది పరవండి. పూసింది ఆరాకే డ్రేప్ (చుట్టూ కప్పే స్టెరైల్ గుడ్డ) వేయండి.