మొదటిసారి స్నోబోర్డింగ్‌కా? తక్కువ ఖర్చులో తగిన స్కీ ఏరియాను ఎంచుకోవడం ఎలా?

వెర్మాంట్‌లోని కిల్లింగ్టన్ కొండ పైనుంచి కిందికి 3,050 అడుగులు. న్యూజెర్సీలో మావా ఊరి దగ్గరున్న క్యాంప్‌గా కొండ మూడు వందల అడుగులు కూడా ఉండదు. మొదటి రోజు స్నోబోర్డు (రెండు కాళ్లకూ కలిపి ఒకటే పలక) కట్టుకున్నవాళ్లకు ఈ రెండూ ఒకటే. ఎక్కడికెళ్లినా ఆ రోజంతా కింద వంద గజాల వాలు మీదే గడుస్తుంది: పడటం, లేవడం, మళ్లీ పైకెళ్లడం. కాబట్టి కొండ ఎత్తుకు డబ్బు పెట్టకండి. నేర్చుకునే చోటు ఎలా ఉందో చూసి పెట్టండి.

ఇక్కడ న్యూజెర్సీలోని ఎడిసన్, జెర్సీ సిటీ చుట్టుపక్కల ఉండేవాళ్లను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాం. సియాటిల్‌లో ఉన్నా, బే ఏరియాలో ఉన్నా చూడాల్సినవి ఇవే.

1. ముందు బోర్డును రానిస్తారో లేదో చూసుకోండి

అమెరికాలో మూడు చోట్ల స్కీలకే (ఒక్కో కాలికి ఒక్కో పొడవాటి పట్టీ) అనుమతి, స్నోబోర్డుకు లేదు: యూటాలో ఆల్టా, డీర్ వ్యాలీ, వెర్మాంట్‌లో మ్యాడ్ రివర్ గ్లెన్. బృందంలో కొందరు స్కీ చేసేవాళ్లు ఉండి వాళ్లే బుక్ చేస్తుంటే ఈ సంగతి ముందే చెప్పండి.

2. ట్రెయిల్ మ్యాప్ తెరిచి కింది భాగం చూడండి

ప్రతి స్కీ ఏరియా తన వెబ్‌సైట్‌లో జారే దారులు చూపే మ్యాప్ పెడుతుంది. అందులో మొదట వెతకాల్సింది మ్యాజిక్ కార్పెట్. ఎయిర్‌పోర్టులో నడిచే బెల్టు లాంటిదే, మంచు మీద ఉంటుంది. దాని మీద నిలబడితే పైకి తీసుకెళ్తుంది. అది లేకుండా తాడు పట్టుకునే రోప్ టో గానీ, టీ ఆకారపు కడ్డీతో లాక్కెళ్లే టీ-బార్ గానీ ఉంటే ఆ చోటు వదిలేయండి. స్కీ వాళ్లు రెండు కాళ్లూ ముందుకు పెట్టి నిలబడతారు కాబట్టి వాళ్లకు అవి తేలిక. పక్కకు తిరిగి, ఒక కాలే బోర్డుకు కట్టుకుని ఉన్నవాళ్లను అవి లాగి పడేస్తాయి.

రెండోది, నేర్చుకునే వాలు విడిగా ఉందా లేదా. పైనుంచి వేగంగా వచ్చేవాళ్ల దారి దాని మధ్యలోంచి పోతుంటే అది మంచి చోటు కాదు. వాలు చివర నేల చదునై, బోర్డు దానంతటదే ఆగిపోవాలి. మొదటి గంటలో మీకు ఆగడం రాదు మరి.

మూడోది చెయిర్‌లిఫ్ట్, అంటే తీగకు వేలాడుతూ పైకి తీసుకెళ్లే కుర్చీలు. రెండో రోజో మూడో రోజో ఎక్కాల్సి వస్తుంది. ఎక్కేచోట, దిగేచోట నెమ్మదించే రకం (డిటాచబుల్ అంటారు) ఉంటే మేలు. దిగేటప్పుడు వెనక కాలు బోర్డుకు కట్టి ఉండదు. దాన్ని రెండు బైండింగుల (బూట్లను బోర్డుకు బిగించే పట్టీలు) మధ్య, వెనక బైండింగుకు ఆనించి పెట్టి, బోర్డు ముక్కును నేరుగా ముందుకు ఉంచి లేవాలి. చాలామంది లేవగానే భయపడి వెనక్కి వాలతారు. బోర్డు ముందుకు జారుతుంది, మనిషి కూర్చుండిపోతాడు, వెనక కుర్చీ వచ్చేస్తుంది. బరువు ముందు కాలి మీద ఉంచితే చాలావరకు గట్టెక్కుతారు.

చదునుగా సాగే పొడవాటి దారులూ చూసుకోండి. స్కీ వాళ్లకు చేతికర్రలున్నాయి, తోసుకుంటూ పోతారు. బోర్డు ఆగిపోతే మీరు ఒక కాలు విప్పి నేలను తన్నుకుంటూ నడవాలి.

మ్యాప్‌లో ఆకుపచ్చ వృత్తం తేలికైన దారికి గుర్తు. కానీ ఆ రంగు ఆ కొండలోని మిగతా దారులతో పోల్చి ఇచ్చిందే. ఒకచోట ఆకుపచ్చ అన్నది ఇంకోచోటి నీలం చతురస్రమంత (మధ్యస్థమైన దారికి గుర్తు) నిటారుగా ఉండొచ్చు.

3. టికెట్ ధర ఒక్కటే కాదు, రోజు మొత్తం ఖర్చు లెక్కేయండి

కొలరాడోలోని వెయిల్ లాంటి చోట రద్దీ రోజున కౌంటర్లో కొంటే ఒక్కరోజు టికెట్టే 300 డాలర్లు దాటింది. కొత్తవాళ్లు అడగాల్సింది ఆ టికెట్ కాదు, ఫస్ట్-టైమర్ ప్యాకేజీ. చాలా చిన్న కొండల్లో ఉంటుంది. నేర్చుకునే భాగం వరకే చెల్లే లిఫ్ట్ టికెట్, గ్రూప్ లెసన్, బోర్డు-బూట్ల అద్దె, మూడూ కలిపి ఇస్తారు. ఆన్‌లైన్‌లో కొన్ని రోజుల ముందే కొంటే తగ్గుతుంది. అయితే తేదీ మారితే డబ్బు తిరిగి ఇస్తారా లేదా చదివి కొనండి.

హెల్మెట్ అద్దె, లాకర్, పార్కింగ్ ఆ ప్యాకేజీలో ఉన్నాయా? వీటికి విడిగా తీసుకునే చోట్లున్నాయి. టోల్, పెట్రోల్, భోజనం కలపండి. బయటి తిండి లోపల తినొచ్చో లేదో అడిగి, సరేనంటే పులిహోర కట్టుకెళ్లండి. శాకాహారులకు అక్కడి క్యాంటీన్లలో చాలాసార్లు ఫ్రైస్ తప్ప పెద్దగా దొరకదు.

లెసన్ డబ్బు మాత్రం మిగుల్చుకోవద్దు. "మావాడికి వచ్చు, నేర్పిస్తాడులే" అని స్నేహితుడి వెంట నేరుగా కొండపైకి వెళ్లినవాళ్లు సగం దారి కూర్చునే దిగుతారు. మిగుల్చుకోవాలంటే బట్టల మీద మిగుల్చుకోండి: జాకెట్ ఇంట్లో ఉన్నదే చాలు, నీళ్లు లోపలికి దిగని ప్యాంటు ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. జీన్స్ వద్దే వద్దు. బోర్డు నేర్చుకునేవాళ్లు మంచు మీద కూర్చునే సమయమే ఎక్కువ, అరగంటలో తడిసి బిగుసుకుపోతుంది.

ఒక్కరోజుతో ఎవరికీ రాదు. మూడు రోజులకు ఎంతవుతుందో లెక్కేసి, ఆ మొత్తంతో కొండలను పోల్చండి. ఇంటి నుంచి గంట దూరంలో ఉండి, రాత్రి బస అక్కర్లేని చోటు దాదాపు ప్రతిసారీ గెలుస్తుంది.

ఎడిసన్ నుంచి చూస్తే వెర్నన్‌లో మౌంటెన్ క్రీక్, పెన్సిల్వేనియా పోకోనోస్‌లో షానీ, క్యామెల్‌బ్యాక్, బిగ్ బౌల్డర్ ఒక్కరోజులో వెళ్లిరాగల దూరంలో ఉన్నాయి. ఈస్ట్ రదర్‌ఫర్డ్‌లోని అమెరికన్ డ్రీమ్ మాల్‌లో 2019 డిసెంబరులో తెరిచిన బిగ్ స్నో పూర్తిగా ఇండోర్. ఏడాదంతా 28 డిగ్రీల ఫారెన్‌హీట్ చలిలో ఉంచుతారు, బట్టలు కూడా అద్దెకు దొరుకుతాయి. జులైలో కూడా మొదటి పాఠం అక్కడ అయిపోతుంది.

4. రోజునూ గంటనూ ఎంచుకోండి

తూర్పు తీరంలో చాలావరకు యంత్రాలతో చేసిన మంచే. పగలు కాస్త కరిగి రాత్రి గడ్డకడుతుంది. పొద్దున్నే ఎనిమిదింటికి వాలు గచ్చులా ఉంటుంది. బోర్డు అంచు దిగదు, దిగువ వైపు అంచు పట్టేసిందంటే మనిషి ఒక్కసారిగా విసిరేసినట్టు పడతాడు. చేతులు చాపి పడితే మణికట్టు విరగొచ్చు. కొత్త స్నోబోర్డర్లకు ఎక్కువగా తగిలే దెబ్బ అదే. వర్షం పడి మర్నాడు గడ్డకట్టిన రోజున వెళ్లొద్దు. మామూలు రోజున పదిన్నర తర్వాతి లెసన్ తీసుకోండి. మార్చిలో ఎండ రోజున మధ్యాహ్నం మంచు మెత్తగా ఉంటుంది, కొత్తవాళ్లకు అంతకంటే మంచి సమయం లేదు. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం వరకు, జనవరిలో మార్టిన్ లూథర్ కింగ్ వారాంతం, ఫిబ్రవరిలో ప్రెసిడెంట్స్ డే వారం ధరలూ క్యూలూ రెండూ పెరుగుతాయి. మంగళ, బుధవారాలు మేలు.

5. అద్దె కౌంటర్ దగ్గర

బోర్డు నిలబెడితే గడ్డానికీ ముక్కుకీ మధ్య రావాలి. మెత్తగా వంగేది అడగండి. బూటులో కాలివేళ్లు ముందు భాగానికి ఆనీ ఆననట్టు ఉండాలి, నడిస్తే మడమ లేవకూడదు. సాక్సు ఒక్క జతే. రెండేస్తే ముడతలు పడి నొప్పి పెడుతుంది. ఎడమ కాలు ముందా, కుడి కాలు ముందా అని అడుగుతారు. తెలియకపోతే మంచు మీద పరుగెత్తి జారినట్టు ఊహించుకోండి, ఏ కాలు ముందుకొస్తే అదే. హెల్మెట్ తప్పకుండా పెట్టుకోండి, మణికట్టు గార్డులు ఇంటి నుంచే తెచ్చుకోండి.

6. పెద్ద టికెట్ ఎప్పుడు కొనాలి?

కార్పెట్ వాలు మీద మడమ అంచుతోనూ, వేళ్ల అంచుతోనూ కోరినచోట ఆగగలగాలి. ఒక అంచు నుంచి ఇంకో అంచుకు పడకుండా వరసగా నాలుగు మలుపులు తిరగగలగాలి. అప్పటిదాకా కొండంతటికీ చెల్లే టికెట్ కొనకండి. అవి వచ్చాక కూడా ముందు సాయంత్రం టికెట్ చూడండి. దీపాల వెలుగులో నడిపే చిన్న కొండల్లో అది పగటి టికెట్ కంటే సాధారణంగా చవక, మూడు నాలుగు గంటలు చాలు. అప్పటికి కాళ్లు ఎలాగూ ఇక చాలంటాయి.