కోర్టు వాయిదాల మధ్య పిల్లల బెంగ: ఎవరికి, ఏమని రాసి అడగాలి

విడాకుల కేసైనా, మనోవర్తి అయినా, బిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్న కస్టడీ అయినా కాగితాల మీద ఉండేవి పెద్దవాళ్ళ పేర్లే. వాయిదా దగ్గరపడుతోందంటే రెండు రోజుల ముందు నుంచే అన్నం సరిగా తినని పిల్ల సంగతి వాటిలోకి దానంతటది ఎక్కదు. బెంగపడే పిలకాయలకని విడిగా ఫారమేదీ లేదు కూడా. నెల్లూరులోనూ ఒంగోలులోనూ సాయం దొరుకుతుంది, కానీ అంతా ఒకచోట ఉండదు. అడగందే రాదు.

ముందు వకీలు సంగతి. జిల్లా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్ళకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును పెడతారు. మిగతా తండ్రులు తమ పేరుతో అడిగితే ఆదాయం చూస్తారు. అదే బిడ్డ తరఫున అడిగితే హక్కు బిడ్డది. చాలామంది తండ్రులకు ఈ తేడా తెలియక గుమ్మం దాకా వచ్చి తిరిగి పోతుంటారు.

తెల్లకాగితం మీద పేరు, చిరునామా, కేసు నంబరు, ఏం సాయం కావాలో రాసి సంతకం పెడితే చాలు. ఆధార్ నకలు, బిడ్డ పుట్టిన తేదీ సర్టిఫికెట్, కోర్టు నుంచి వచ్చిన నోటీసు నకలు వెంట ఉంచుకోండి. రాయడం రాకపోతే నోటితో చెప్పొచ్చు, అక్కడివాళ్ళే రాసుకుంటారు. ఫీజు లేదు. ఉదయగిరి, దర్శి వైపు వాళ్ళు ఈ పనికోసం బస్సెక్కి జిల్లా కేంద్రం దాకా రానక్కర్లేదు. దగ్గరి కోర్టులో మండల న్యాయ సేవాధికార కమిటీ ఉంటుంది, అక్కడ ఇవ్వొచ్చు. ఫోన్‌లో అడగాలంటే 15100.

అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. బిడ్డ కోసం ఏం కావాలన్నా నడుస్తున్న కేసులోనే మధ్యంతర పిటిషన్ వేయాలి. వకీళ్ళు ఐ.ఏ. అంటారు. అందులో 'బిడ్డ మానసికంగా కుంగిపోతోంది' అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే దానికి బలం ఉండదు. ఎదుటి పక్షం పిటిషన్‌లోనూ అదే ముక్క ఉంటుంది మరి. చూసింది చూసినట్టు, తేదీతో రాయించండి: 'ఫలానా తేదీన వాయిదాకు తెచ్చినప్పుడు వరండాలో రెండు గంటలు ఏడ్చింది. ఆ రాత్రి నుంచి వారం రోజులు పక్క తడిపింది. మూడు రోజులు బడికి పోలేదు.' ఇంత చాలు.

ఏం కోరాలంటే, ప్రతి వాయిదాకూ బిడ్డను తేనక్కర్లేకుండా చేయమనొచ్చు. బిడ్డతో జడ్జిగారు తన ఛాంబర్‌లో, అమ్మానాన్నలు పక్కన లేకుండా మాట్లాడమని కోరొచ్చు. తన ఇష్టం తెలివిగా చెప్పగల ఈడు వస్తే ఆ మాటను పరిగణించే వీలు 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 17వ సెక్షన్‌లో ఉంది. ఇన్నేళ్ళు నిండాలని లెక్కేమీ పెట్టలేదు. విచారణ జనం మధ్య వద్దనుకుంటే ఫ్యామిలీ కోర్టుల చట్టం 11వ సెక్షన్ కింద ఇద్దరిలో ఒక్కరు కోరినా తలుపులు మూసి జరపాల్సిందే. 12వ సెక్షన్ కింద డాక్టరు సాయమో, కుటుంబ సంక్షేమం తెలిసిన నిపుణుల సాయమో తీసుకోమని అడగొచ్చు. బిడ్డ ఎవరి దగ్గర ఉండడం లేదో ఆ అమ్మో నాన్నో వచ్చి బిడ్డను చూసే చోటు కోర్టు వరండా కాకుండా అమ్మమ్మ ఇల్లో, ఇద్దరికీ సమ్మతమైన ఇంకో చోటో పెట్టమనడం కూడా న్యాయమైన కోరికే. నన్నడిగితే అన్నిటికంటే ముందు అడగాల్సింది ఇదే. నల్లకోట్ల మధ్య, బంట్రోతు కేకల మధ్య నాన్నను చూడాల్సొచ్చిన పిల్లాడికి నాన్నంటేనే భయం పట్టుకుంటుంది.

కౌన్సెలింగ్‌కు పంపితే ఒక సంగతి గుర్తుంచుకోండి. మధ్యవర్తిత్వంలో పెద్దవాళ్ళ మాటలు గుట్టుగా ఉంటాయి. పిల్లల కస్టడీ కేసుల్లో మాత్రం బిడ్డతో మాట్లాడిన కౌన్సెలర్ నివేదికను జడ్జిగారు చూడొచ్చని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకని బిడ్డకు ముందే పాఠం నేర్పి పంపేవాళ్ళున్నారు. 'అక్కడ ఇట్టా చెప్పు' అని నేర్పిన మాట బిడ్డ నోట అప్పజెప్పినట్టే వస్తుంది. రోజూ పిల్లల్ని చూసేవాళ్ళు పట్టేస్తారు. 'నీకు ఏమనిపిస్తే అది చెప్పమ్మా, ఎవరూ కోప్పడరు' అని పంపితే చాలు.

నిద్ర, తిండి, చదువు దెబ్బతింటుంటే కోర్టు ఉత్తర్వు కోసం కాచుకోవద్దు. నెల్లూరు పెద్దాసుపత్రిలోనో ఒంగోలు రిమ్స్‌లోనో మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్ళండి. ఓపీ చీటీలు దాచుకోండి, పిటిషన్‌కు జతచేయడానికి పనికొస్తాయి. చీటీ కోసమే ఆసుపత్రికి తిప్పడం మాత్రం బిడ్డకు రెండో శిక్ష. ఇంట్లోంచే మాట్లాడాలంటే ఫోన్‌లో మానసిక సాయం చేసే ప్రభుత్వ సేవ టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులోనే పలుకుతారు.

ఇంట్లో కొట్టడం, ఎత్తుకుపోతామని బెదిరించడం ఉంటే దారి వేరు: బిడ్డ కోసం 1098, తల్లికి 181, అప్పటికప్పుడు పోలీసులు కావాలంటే 112. రక్షణ కరువైన బిడ్డ విషయం బాలల సంక్షేమ కమిటీ చూస్తుంది. కస్టడీ తగువు తీర్చమని అక్కడికి వెళితే మాత్రం కోర్టుకే పొమ్మంటారు.

మధ్యంతర ఉత్తర్వు రాగానే సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టి, ఒక నకలు బడిలో హెడ్‌మాస్టరుగారికి ఇవ్వండి. సాయంత్రం గేటు దగ్గర బిడ్డను ఎవరి చేతికి అప్పగించాలో వాళ్ళకు తెలియాలి. ఎవరొస్తారో బిడ్డకూ పొద్దున్నే చెప్పి పంపండి.