పేరు లేని ఇంజనీరింగ్ కాలేజీలో సీటొచ్చిందా? ఇలా నెట్టుకురండి

ఎప్‌సెట్ (మా ఇంట్లో ఇంకా ఎంసెట్టే) ర్యాంకు దెబ్బకొట్టి, పేరు చెప్తే "అదెక్కడుంది బాబూ?" అని చుట్టాలు అడిగే కాలేజీలో పడ్డవాళ్ల కోసం ఇది. నేనూ ఆ బాపతే.

కాలేజీ పేరుతో పనేముంది, కష్టపడితే చాలు అంటారు కదా, అది వట్టిదే. ఐఐటీకో వరంగల్ ఎన్ఐటీకో కంపెనీలు వాటంతటవే వస్తాయి, మన గేటు దగ్గరికి రావు, వచ్చినా ఒకటో రెండో. కాబట్టి వాళ్లకి కాలేజీ పేరే చేసిపెట్టే పనిని మనం మన చేతులతో చేసుకోవాలి, అంతే తేడా.

ఫస్టియర్లో సబ్జెక్టులు మాత్రం తప్పకండి. చాలా కంపెనీలు 60 శాతం ఉండాలి, బ్యాక్‌లాగ్ (తప్పి మిగిలిపోయిన సబ్జెక్టు) ఉండకూడదు అని ముందే పెట్టేస్తాయి. నా రూమ్మేట్ నాకంటే బాగా కోడ్ రాసేవాడు, ఎం1 (ఫస్టియర్ లెక్కల పేపరు) ఫైనలియర్ దాకా ఈడ్చాడు, డ్రైవ్ (కంపెనీవాళ్లు ఉద్యోగాలకి ఎంచుకునే) రోజు టై కట్టుకుని వెళ్లి మెస్ టైముకల్లా రూముకొచ్చేశాడు.

క్లాసులో పాఠం సరిగ్గా చెప్పట్లేదా, ఎన్‌పీటెల్ ఉంది. ఐఐటీ ప్రొఫెసర్ల వీడియోలు, చూడ్డానికి ఫ్రీ, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు. కానీ పడుకుని సినిమాలా చూస్తే ఒక్క ముక్క రాదు. ప్రొఫెసర్ లెక్క మొదలెట్టగానే పాజ్ కొట్టి, నోట్‌బుక్‌లో మీరు చేసి, ఎక్కడ ఆగిపోయారో గీత గీసుకుని అప్పుడు ప్లే చెయ్యండి. గంట లెక్చర్‌కి నాకు రెండున్నర గంటలు పట్టేది, అందుకే సెమిస్టర్‌కి ఒక్క సబ్జెక్టే పెట్టుకున్నా.

గేట్ (ఎంటెక్ సీట్లకి, కొన్ని ప్రభుత్వ కంపెనీల ఉద్యోగాలకి చూసే పరీక్ష) థర్డియర్లోనే ఒకసారి రాసి పడెయ్యండి. 100 మార్కులు, 3 గంటలు, స్కోరు 3 ఏళ్లు పనికొస్తుంది, కాలేజీ పేరు చూసి ఎవరూ మార్కులెయ్యరు. స్క్రీన్ మీద కాలిక్యులేటర్‌ని మౌస్‌తో నొక్కడం అలవాటు లేక నాకు మొదటిసారి పావుగంట పోయింది, ఇంట్లోనే దాంతో ప్రాక్టీస్ చేసుకోండి.

ఇంక ప్రాజెక్ట్. దయచేసి కొనకండి, అందరూ కొంటారు, నాకు తెలుసు. మా హాస్టల్ మెస్ లెక్కలకి నేను చేసింది చూడ్డానికి దరిద్రంగా ఉండేది, కానీ ఇంటర్వ్యూలో ఆయన "సెలవుకి ఇంటికెళ్లినవాడి బిల్లు ఎలా తగ్గిస్తున్నావ్?" అని దాని మీదే ఇరవై నిమిషాలు అడిగాడు, కాలేజీ పేరు మాత్రం పోయేముందు సర్టిఫికెట్లు తిరగేస్తూ అడిగాడు, అదీ స్పెల్లింగ్ కోసం.