ఎలక్ట్రిక్ కారుతో కాపురం – 4వ పాఠం: ఎండలో నిలిపిన కారు

పోయిన పాఠం చివర ఒక పని అప్పగించాను: మీ కారు బ్యాటరీ ఎన్ని కిలోవాట్ అవర్లదో చూసి, అందులో ఒక శాతం ఎంతవుతుందో రాసి పెట్టుకోమని. ఆ కాగితం తీసి దగ్గర పెట్టుకోండి, ఇవాళ దానితో పనుంది. ఇంకా చేయనివాళ్ళ కోసం నేను 60 కిలోవాట్ అవర్ల బ్యాటరీతో లెక్క చెబుతాను. వాడుకలో అయితే 60 యూనిట్లు, ఒక శాతం అంటే 0.6 యూనిట్.

వేడి ఎక్కడ దాక్కుంటుంది

ఎండలో నిలిపిన కారు తలుపు తీయగానే ముఖాన కొట్టే గాలి మీదే మన కోపమంతా. పాపం, దాని నేరం చిన్నది. మామూలు కారులో పట్టే గాలి సుమారు 3 ఘనపు మీటర్లు, బరువు మూడున్నర కిలోలు. దాన్ని 30 డిగ్రీలు దించడానికి ఒక యూనిట్‌లో ముప్పయ్యో వంతు కరెంటు చాలు. తలుపులన్నీ బార్లా తీస్తే ఆ కాస్తా అక్కర్లేదు.

మరి ఏసీ పావుగంటసేపు ఎందుకు ఆయాసపడుతుంది? డ్యాష్‌బోర్డు, సీట్లు, తలుపుల లోపలి పలకల వల్ల. ఇవి గాలికంటే ఎన్నో రెట్లు బరువు. గంటలకొద్దీ తాగిన ఎండను తమలో దాచుకుని, మీరు గాలిని ఎన్నిసార్లు మార్చినా మళ్ళీ కాచి మీకే ఇస్తాయి. అందుకే ఈ పాఠంలో ఏ ఉపాయం చెప్పినా ఒక్కటే అడగండి: ఎండ వస్తువుల మీద పడకముందే ఇది ఆపుతుందా, పడ్డాక మందు వేస్తుందా? చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమనే సామెత ఎండలో కాగిన స్టీరింగ్ పట్టుకున్నవాళ్ళకు వేరే వివరించనక్కర్లేదు.

2018లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ, శాన్ డియేగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు బయట 38 డిగ్రీలు దాటిన రోజుల్లో కార్లను ఎండలో, నీడలో నిలిపి కొలిచారు. గంట తర్వాత ఎండలోని కార్లలో గాలి సగటున 47 డిగ్రీలు, స్టీరింగ్ 53, డ్యాష్‌బోర్డు 69. నీడలోని వాటిలో గాలి 38, డ్యాష్‌బోర్డు 48. గాలిలో తేడా 9 డిగ్రీలయితే డ్యాష్‌బోర్డులో 21. అసలు దొంగ ఎవరో తెలిసిందిగా.

నీడ నడుస్తుంది

కారు ఆపేటప్పుడు నీడ ఎక్కడుందో చూడటం అందరూ చేసేదే. మీరు తిరిగొచ్చే వేళకు అది ఎక్కడికి పోతుందో చూడండి. పొద్దున భవనం నీడ పడమటి పక్కన పడుతుంది, మధ్యాహ్నం దాటాక తూర్పు పక్కకు వస్తుంది. ఉదయం తొమ్మిదింటికి వచ్చి సాయంత్రం దాకా ఉండేవాళ్ళు ఎండ పడుతున్నా సరే తూర్పు పక్కనే ఆపాలి. పొద్దుటెండ కాస్త తగిలినా, ఎండ మండే వేళకు కారు నీడలోకి చేరుతుంది. పన్నెండింటికే వెళ్ళిపోయేవాళ్ళు పడమటి పక్కన. వరుసలో పడమటి పక్క నిండిపోయి తూర్పు పక్క ఖాళీగా ఉంటే, పొద్దున్నే నాకు భలే సంబరం.

నీడ అసలే దొరకలేదా? సాయంత్రం దాకా ఉండేట్టయితే కారు ముక్కు తూర్పుకు తిప్పి ఆపండి. వాలుగా వచ్చే పడమటెండకు వెనక అద్దం అడ్డుపడుతుంది, డ్యాష్‌బోర్డు తప్పించుకుంటుంది.

తెర

నడినెత్తి ఎండ చదరపు మీటరుకు సుమారు 1000 వాట్లు. ముందు అద్దం దాదాపు చదరపు మీటరు ఉంటుంది. అందులో సగం లోపలికి వచ్చినా, ఇస్త్రీ పెట్టెను సగం మంట మీద డ్యాష్‌బోర్డుపై వదిలేసినట్టే. ఎలక్ట్రిక్ కార్లలో చాలావాటికి పైకప్పు కూడా అద్దమే కాబట్టి రెండో ఇస్త్రీ పెట్టె నెత్తిమీద.

వెండిరంగు మెరుపు తెర ముందు అద్దానికి లోపలి నుంచి అంటుకునేలా పెట్టండి, మెరిసే వైపు బయటికి. పడిన వెలుతురులో ఎక్కువ భాగం అద్దం గుండానే తిరిగి వెళ్ళిపోతుంది. అంచుల్లో సందులుంటే ఆ మేరకు లాభం పోయినట్టే, అందుకే మీ మోడల్ కొలతకు కుట్టినదే కొనండి. అద్దం బయట కప్పే తెర ఇంకా మేలు, ఎండ లోపలికే రాదు. కానీ గాలికి ఎగిరిపోకుండా రోజూ కట్టి విప్పే ఓపిక కావాలి. నాకు రెండు వారాలకు మించి లేకపోయింది. తెర లేని రోజున కనీసం స్టీరింగ్‌ను సగం చుట్టు తిప్పి ఆపండి, మీరు పట్టుకునే భాగం కిందికి పోతుంది.

కిటికీ వేలెడంత దించి ఉంచడం చాలామంది చేస్తారు. 2005లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు కొలిచి చూస్తే దానివల్ల పెద్ద తేడా ఏమీ కనిపించలేదు. లోపల పెరిగే వేడిలో 80 శాతం మొదటి అరగంటలోనే పెరిగిపోతుందని కూడా వాళ్ళు చూశారు. ‘పది నిమిషాల పనేగా’ అని తెర వేయకుండా దిగేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఏసీ ఎప్పుడు?

పెట్రోలు కారులో ఇంజను నడవనిదే ఏసీ లేదు. మన కారులో కంప్రెసర్ బ్యాటరీతోనే తిరుగుతుంది, పొగ లేదు, యాప్ నొక్కితే చాలు. దీన్ని ఎప్పుడు వాడాలన్నదే లెక్క.

రోజంతా కారును చల్లగానే ఉంచారనుకోండి. సగటున 1 కిలోవాట్ చొప్పున ఎనిమిది గంటలకు 8 యూనిట్లు, అంటే 13 శాతం. బదులుగా బయల్దేరే ముందు పావుగంట మాత్రమే, అదీ 3 కిలోవాట్ల జోరుతో నడిపారనుకోండి. ముప్పావు యూనిట్, ఒకటింబావు శాతం. ఈ 1, 3 కిలోవాట్లు నేను లెక్క కోసం పెట్టుకున్నవి, మీ కారును బట్టి మారతాయి. కానీ రెండు దారుల మధ్య దూరం చెరగదు.

ఛార్జర్‌కు తగిలించి ఉన్నప్పుడే చల్లబరిస్తే ఆ ముప్పావు యూనిట్ కూడా గోడ నుంచే వస్తుంది. సాకెట్ చిన్నదైతే మొదటి నిమిషాల్లో కొంత బ్యాటరీ నుంచి లాగవచ్చు, ఫరవాలేదు. బయల్దేరే సమయం యాప్‌లో ముందే పెట్టేస్తే అదే చూసుకుంటుంది.

టెస్లా కార్లలో క్యాబిన్ ఓవర్‌హీట్ ప్రొటెక్షన్ అని ఒక సదుపాయం ఉంది. దిగాక 12 గంటల దాకా లోపలి వేడిని ఒక హద్దు దాటనివ్వదు, బ్యాటరీ 20 శాతానికి పడితే ఆగిపోతుంది. ఏసీ లేకుండా ఫ్యాను మాత్రమే తిప్పే ఎంపిక కూడా ఇచ్చారు. దీంట్లో చిక్కు గమనించారా? ఫ్యాను బయటి గాలినే తెస్తుంది కాబట్టి బయట 42 ఉంటే లోపల 40కి దించలేదు. తెర, నీడ దొరికిన రోజు నేను దీన్ని ఆపేస్తాను.

ఇది సీట్లను, స్క్రీన్‌ను కాపాడే ఏర్పాటు, ప్రాణులను కాదు. ఛార్జ్ తగ్గినా, గడువు ముగిసినా చెప్పకుండా ఆగిపోయేదాన్ని నమ్మి పిల్లల్ని గాని, జంతువుల్ని గాని లోపల వదలకూడదు. పవర్ బ్యాంకులు, స్ప్రే డబ్బాలు, మందులు కూడా మీతోపాటు దిగాల్సిందే.

ఎక్కేటప్పుడు

యాప్ మరిచిపోయి కాగిన కారు దగ్గరికే వచ్చారనుకోండి. ఎడమ పక్క ఒక కిటికీ దించి, కుడి పక్క తలుపును ఐదారుసార్లు విసనకర్రలా ఊపండి. చూసేవాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి. తర్వాత కిటికీలు దించే కాస్త దూరం నడిపి, లోపలి గాలి బయటికంటే చల్లబడిందనిపించాకే కిటికీలు ఎత్తి రీసర్క్యులేషన్ (బయటి గాలి రానివ్వకుండా లోపలి గాలినే తిప్పే మీట) నొక్కండి. ముందే నొక్కితే కాగిన గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తారు.

అభ్యాసం

ఒకే చోట, ఒకే వేళకు, మూడు రోజులు రెండేసి గంటలు కారు ఆపండి. మొదటి రోజు ఏమీ లేకుండా, రెండో రోజు తెరతో, మూడో రోజు తెరతోపాటు చివరి పది నిమిషాలు ఏసీతో. థర్మామీటర్‌ను డ్యాష్‌బోర్డు మీద పెట్టకండి. నేరుగా ఎండ తగిలితే అది తన వేడినే చూపిస్తుంది, గాలి వేడిని కాదు. సీటు వెనక, నీడపట్టున వేలాడదీయండి. వేడితోపాటు బ్యాటరీ శాతం కూడా రాయండి.

మూడో రోజు అంకెల్లో శాతం మీరు అనుకున్నదానికంటే ఎక్కువ పడిపోతే కంగారు పడకండి. కొన్ని కార్లు ఆ వేళకు సీట్ల కింద ఉన్న బ్యాటరీని కూడా అదే కంప్రెసర్‌తో చల్లబరుస్తూ ఉంటాయి. 5వ పాఠం దాని గురించే.