ఊరి స్టూడియో ఫోటో – 5వ పాఠం: డబుల్ యాక్షన్

పోయిన పాఠంలో ముఖం మీద లైటు ఎటు నుంచి పడాలో చూశాం. ఈసారి ఒకే మనిషిని ఒకే ఫోటోలో రెండుసార్లు కూర్చోబెడదాం.

ఈ ట్రిక్కు సినిమా కంటే పాతదే. కానీ చిన్న ఊళ్లలో జనం దీని మీద మోజు పడింది తెర మీద చూశాకే అని నా నమ్మకం. 1964లో ‘రాముడు భీముడు’లో ఎన్.టి.రామారావు పిరికి రాముడూ తనే, దుడుకు భీముడూ తనే. అదే కథ 1965లో ఎమ్జీఆర్‌తో తమిళంలో, 1967లో దిలీప్‌కుమార్‌తో హిందీలో వచ్చింది. మధ్యప్రదేశ్‌లో నాగ్దా అనే ఫ్యాక్టరీ ఊరి స్టూడియోల మీద ఏళ్ల తరబడి పనిచేసిన పరిశోధకుడు క్రిస్టఫర్ పిన్నీ కూడా ఇలాంటి జంట బొమ్మల గురించి రాశారు.

ఇక పని. ఒకే ఫిల్ము మీద రెండుసార్లు క్లిక్ చేయనిచ్చే కెమెరా కావాలి. పాత చెక్క కెమెరాకు ఆ ఇబ్బందే లేదు. డిజిటల్‌లో మల్టిపుల్ ఎక్స్‌పోజర్ (ఒకే ఫోటోలో రెండు క్లిక్కులు కలిపే సెట్టింగు) ఉంటే ‘యాడిటివ్’ పెట్టండి, ‘యావరేజ్’ పెడితే బొమ్మ చీకటిగా వస్తుంది.

నల్ల చార్టుతో లెన్సుకు బిగుతుగా పట్టే గొట్టం చుట్టి, దాని మూతిని సరిగ్గా సగం మూయండి. ఎడమ సగం మూసి, మనిషిని కుడివైపు కూర్చోబెట్టి క్లిక్. ఫిల్ము తిప్పకుండా, స్టాండు కదలకుండా గొట్టాన్ని మాత్రం అర చుట్టు తిప్పండి. మనిషి ఎడమకు మారాక మళ్లీ క్లిక్. సగం కంటే ఎక్కువ మూస్తే మధ్యలో నల్ల పట్టీ, తక్కువ మూస్తే తెల్ల పట్టీ వస్తుంది. అపర్చరు, అంటే లెన్సులో వెలుతురు వచ్చే కంత, ఎఫ్/8 దగ్గర మొదలుపెట్టి, రెండుసార్లూ అదే ఉంచండి. కంత ఇంకా చిన్నదయ్యే ఎఫ్/16కి వెళ్తే అతుకు గీత గీసినట్టు కనబడుతుంది. నా మొదటి ఫోటోలో మా తమ్ముడి మోచెయ్యి మధ్య గీత దాటింది. ప్రింటులో చెయ్యి మణికట్టు దాకా లేదు!

ఇంత చేసినా చాలామంది ఫోటో తేలిపోయేది చూపు దగ్గరే. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటున్నట్టు ఉండాలి కదా, ఖాళీ గాలిని చూడమంటే కళ్లు ఎక్కడో తేలతాయి. అందుకని అవతలి స్టూలు మీద అంతే ఎత్తున్న ఇంకో మనిషిని కూర్చోబెట్టి, అతని కళ్లలోకి చూడమనండి. ఆ సగం మూసే ఉంది కాబట్టి అతను ఫోటోలో పడడు. రెండోసారి అతన్ని ఇవతలికి మార్చండి.

చొక్కా మార్చినంత మాత్రాన ఇద్దరైపోరు. ఒకరు భుజాలు కుదించి స్టూలు అంచున, ఇంకొకరు కాలు మీద కాలేసుకుని. పౌడరు, దువ్వెన పక్కనే ఉంచుకోండి, రెండోవారి పాపిడి మార్చేయండి.

ఫోన్‌తో చేసేవారు ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేసి, స్టాండు మీద రెండు ఫోటోలు తీసి యాప్‌లో సగం సగం కలపండి. చూపు సంగతి మాత్రం వాళ్లకూ ఇంతే.

వచ్చే పాఠానికి నాలుగు ఫోటోలు తీసి ఉంచండి. నెగెటివ్ పారేయొద్దు. మధ్యలో నల్ల పట్టీ వచ్చినవాటిని పెన్సిల్ టచింగ్‌తో (నెగెటివ్ మీద పెన్సిల్‌తో దిద్ది) ఎలా మాపాలో ఆరో పాఠంలో చూద్దాం.