స్టాండింగ్ డెస్క్ కొన్నారా? రోజంతా నిలబడకండి బాబూ

డెస్క్ వచ్చిన రోజు హుషారులో పొద్దున్న తొమ్మిదింటికి నిలబడ్డా, లంచ్ దాకా కూర్చోలేదు, సాయంత్రానికి అరికాళ్ళు మంటలు, నడుము పట్టేసింది, పిక్కలు రాళ్ళలా అయిపోయాయి. మా అమ్మ చూసి "డబ్బులిచ్చి మరీ కాళ్ళనొప్పులు కొనుక్కున్నావా" అంది.

విషయం ఏంటంటే కూర్చున్నా నిలబడ్డా కదలకపోవడమే తంటా. విగ్రహంలా నిలబడితే రక్తం కాళ్ళల్లోకి దిగి అక్కడే ఉండిపోతుంది, దాన్ని పైకి తోసే పంపు మన పిక్క కండరమే, అది బిగుస్తూ వదులుతూ ఉంటేనే పని చేస్తుంది. గంటలు గంటలు నిలబడేవాళ్ళకి వెరికోస్ వెయిన్స్ (కాళ్ళల్లో రక్తనాళాలు ఉబ్బి మెలికలు తిరగడం) రిస్క్ ఎక్కువ. మనమేమో నిలబడటానికి వేలు పోస్తున్నాం, అక్కడ షాపుల్లో రోజంతా నిలబడేవాళ్ళకి కూర్చోడానికి సీటు ఇవ్వాల్సిందేనని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు మార్చాల్సి వచ్చింది.

బరువు తగ్గుతామనే ఆశ కూడా పెట్టుకోకండి. 65 కేజీల మనిషి రోజుకి ఆరు గంటలు కూర్చోకుండా నిలబడితే ఎక్స్‌ట్రాగా ఖర్చయ్యేది 50 చిల్లర కేలరీలు, అంటే ఇంచుమించు ఒక ఇడ్లీ, చట్నీ లెక్కలో లేదు.

మరి ఎలా చెయ్యాలంటే, మొదటి వారం పావుగంట చొప్పున రోజుకి మూడు నాలుగుసార్లు నిలబడండి చాలు, తర్వాత అరగంట కూర్చోడం, అరగంట నిలబడటం అలా మార్చుకుంటూ పోవచ్చు. కాల్స్ అన్నీ నిలబడి, కోడింగో ఎక్సెలో అయితే కూర్చుని, నాకిది బాగా సెట్ అయింది. నిలబడ్డప్పుడు మడమలు పైకెత్తి దించుతూ ఉండండి, కెమెరాలో ఎవరికీ కనపడదు.

డెస్క్ లేకపోతే వంటింటి గట్టు ఉందిగా, కాకపోతే గట్టు ఒక్కటే అయితే చాలామందికి కిందకి అయిపోతుంది, వంగి టైప్ చేస్తే మెడ పోతుంది. నేను మొదట్లో గట్టు మీద భోజనాల పీట వేసి దానిమీద కీబోర్డ్ పెట్టేవాణ్ణి, మోచేతులు సరిగ్గా 90 డిగ్రీల్లో ఉండేవి, ల్యాప్‌టాప్‌ని పక్కనే రెండు స్టీలు డబ్బాల మీద ఎక్కించేవాణ్ణి. స్క్రీన్ పై అంచు కళ్ళకి ఎదురుగా, చెయ్యి చాపినంత దూరంలో ఉండాలి. ల్యాప్‌టాప్ కీబోర్డ్‌తోనే నెట్టుకొస్తే మోచేతుల ఎత్తులో కీబోర్డ్, కళ్ళ ఎత్తులో స్క్రీన్ రెండూ ఒకేసారి కుదరవు, వేరే కీబోర్డ్ కొనుక్కోండి, డెస్క్ కంటే ముందు కొనాల్సింది అదే. మార్బుల్ ఫ్లోర్ మీద వట్టికాళ్ళతో నిలబడొద్దు, మెత్తటి చెప్పులో మ్యాటో ఉండాలి.

అన్నిటికంటే పనికొచ్చేది నడక. కొలంబియా యూనివర్సిటీ వాళ్ళు 2023లో అరగంటకోసారి ఐదు నిమిషాలు నడిపించి చూస్తే, తిన్నాక షుగర్ పెరగడం రోజంతా కూర్చున్నప్పటి కంటే దాదాపు 60 శాతం తగ్గింది. 11 మందితో చేసిన చిన్న స్టడీయే అనుకోండి, కానీ మధ్యాహ్నం అన్నం పప్పు తిని కుర్చీలో జోగే మనలాంటోళ్ళకి ట్రై చేస్తే పోయేదేముంది. నేనైతే రెండు లీటర్ల బాటిల్ పక్కన పెట్టుకోడం మానేసి చిన్న గ్లాసు పెట్టుకున్నా, అయిపోయినప్పుడల్లా లేవాల్సిందే, తర్వాత బాత్రూంకి ఎలాగూ లేవాలి.

ఆల్రెడీ వెరికోస్ వెయిన్స్, మోకాళ్ళనొప్పులు ఉన్నవాళ్ళు, ప్రెగ్నెంట్లు డాక్టర్‌ని అడిగే మొదలుపెట్టండి. ఒక్క కాలు మాత్రమే సడన్‌గా వాచి పిక్కలో నొప్పి వస్తే బామ్ రాసుకుంటూ కూర్చోకండి, అది రక్తం గడ్డ కట్టడం కావచ్చు, అదే రోజు హాస్పిటల్‌కి వెళ్ళండి.