బీటీ పత్తి చేలో మిత్రపురుగులకు హాని జరుగుతోందా? తెలుసుకోవడం ఎలా?

గోదావరి డెల్టాలో సార్వాకూ దాళ్వాకూ రైతులు వేసే వరి వంగడాలు జన్యుమార్పిడి పైర్లు కావు. మన దేశంలో చట్టబద్ధంగా సాగవుతున్న అటువంటి పైరు 2002లో అనుమతి పొందిన బీటీ పత్తి ఒక్కటే. డెల్టాను ఆనుకుని ఉన్న మెట్ట చేలల్లో పత్తి వేసేవారు, దానివల్ల అక్షింతల పురుగులు, తేనెటీగల వంటి, పైరుకు మేలుచేసే మిత్రపురుగులకు ఏమవుతోందో తామే లెక్కగట్టి చూడవచ్చు.

ముందుగా బీటీ పనితీరు తెలిసి ఉండాలి. నేలలోని బాసిల్లస్ తురింజియెన్సిస్ (బీటీ) అనే బాక్టీరియా నుంచి తెచ్చిన జన్యువు మొక్కలో తయారుచేయించే ప్రోటీన్, కాయతొలుచు పురుగు పేగులోని క్షారగుణానికి కరిగి, పేగు గోడకు అతుక్కుని దానికి చిల్లులు పెడుతుంది. తేనెటీగలకు ఈ ప్రోటీన్ వల్ల నేరుగా హాని జరిగినట్లు పరీక్షల్లో తేలలేదు. అయితే పచ్చదోమ, తెల్లదోమ, తామర పురుగులపై బీటీ పనిచేయదు. వాటికోసం కొట్టే మందులే మిత్రపురుగులకు అసలు గండం.

అందువల్ల బీటీ పత్తినీ, బీటీ కాని పత్తినీ ఒకే రకం నేలలో, ఒకే రోజు, వేర్వేరు చెక్కల్లో విత్తి, ఏ మందు ఎప్పుడు ఎంత కొట్టారో రెండింటికీ విడివిడిగా పుస్తకంలో రాయాలి. ఈ చిట్టా లేని లెక్కకు విలువ లేదని నా గట్టి అభిప్రాయం.

వారానికి ఒకసారి, ఎండ ముదరక ముందే, గట్ల పక్క వరుసలు వదిలి, చెక్క నడుమ ఐమూలగా నడుస్తూ 20 మొక్కలు చూడాలి. ఒక్కో మొక్కకు పైన, నడుమ, కింద ఒక్కో ఆకును నెమ్మదిగా తిప్పి, అక్షింతల పురుగులు, వాటి పిల్లపురుగులు, సాలీళ్లు, సన్నని కాడ చివర నిలబెట్టినట్లుండే క్రైసోపా (మరో మిత్రపురుగు) గుడ్లు ఎన్ని ఉన్నాయో రాసుకోవాలి. మొసలి ఆకారంలో ఉండే అక్షింతల పిల్లపురుగులను చీడగా పొరబడి నలిపేసేవారు ఉన్నారు. ఆకుల రసం పీల్చే పేనుబంకను తల్లిపురుగుతో సమానంగా తినే ఈ పిల్లలను గుర్తుపట్టడం మొదట నేర్చుకోవాలి. పూత దశలో ఒకేచోట పది నిమిషాలు నిలబడి, పూలపై వాలిన తేనెటీగలను లెక్కించాలి.

అంకె తగ్గగానే బీటీని నిందించకూడదు. పేనుబంక తగ్గితే అక్షింతల పురుగులూ తగ్గుతాయి. కాయతొలుచు పురుగులే లేకపోతే వాటి ఒంట్లో గుడ్లు పెట్టే చిన్న కందిరీగలకు ఆధారం ఉండదు. అమెరికాలో బీటీ మొక్కజొన్న పుప్పొడి చల్లిన ఆకులు తిని మోనార్క్ సీతాకోకచిలుక గొంగళిపురుగులు చనిపోయాయన్న 1999 నాటి ప్రయోగశాల ఫలితం పెద్ద కలకలం రేపింది. పొలాల్లో ఆకులమీద పడే పుప్పొడి చాలా తక్కువ కనుక ముప్పు స్వల్పమని 2001లో వెలువడిన పరిశీలనలు తేల్చాయి.

మందు కొట్టిన వారంలో రెండు చెక్కల్లోనూ అంకెలు పడిపోతే మందునే అనుమానించాలి. మందు కొట్టని వారాల్లోనూ, మిత్రపురుగులకు తిండి అయ్యే పురుగులు రెండుచోట్లా సమానంగా ఉన్నప్పటికీ, బీటీ చెక్కలోనే తగ్గుదల వరుసగా కనబడితే, ఆ పుస్తకాన్ని దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకువెళ్లి కీటక శాస్త్రవేత్తకు చూపించాలి.